మగ్గం మీద అక్టోబరు తీర్పు

ఏటా అక్టోబరు రెండో వారం దగ్గర పడుతుంటే ఆర్థికశాస్త్రం చదివినవాళ్ల చాయ్ కబుర్లకు ఊపు వస్తుంది. ఈసారి స్టాక్‌హోంలో ఆర్థికశాస్త్ర నోబెల్‌కు ఎవరి పేరు చదువుతారన్నది మొదటి ముచ్చట. ఎవరి వ్యాసాన్ని ఎంతమంది ఉటంకించారు, ఎవరికి వయసు మీద పడింది, ఏ శాఖకు చాలాకాలంగా వంతు రాలేదు అన్న లెక్కలు నడుస్తాయి. అక్కడి నుంచి మాట రోజువారీ చిక్కుప్రశ్నల మీదికి మళ్లుతుంది. సినిమా హాల్లో పాప్‌కార్న్‌కు అంత ధర ఎందుకు? బంగారు కొట్లన్నీ ఒకే బజార్లో పక్కపక్కనే ఎందుకుంటాయి? ముచ్చట హైదరాబాదులో సాగితే ఎప్పుడో ఒకప్పుడు పోచంపల్లి దగ్గరికి వచ్చి తీరుతుంది. చూపుకు అక్కడి చీరలాగే ఉండే బట్టను మరమగ్గం, ప్రింటు యంత్రం గంటల్లో తీస్తుంటే, యాభై కిలోమీటర్ల దూరం కూడా లేని ఆ ఊళ్లో రోజుల తరబడి కూర్చుని ఒక్క చీర నేయడం ఎందుకు? దానికి నూలు మీద రాయితీ ఇవ్వడం ఎందుకు?

2025 అక్టోబరు 13న ఈ ప్రశ్నకు రెడీమేడ్ జవాబు దొరికినట్టయింది. ఆ రోజు ప్రకటించిన బహుమతిలో సగం జోయెల్ మోకిర్‌కు, మిగతా సగం ఫిలిప్ అగియోన్, పీటర్ హోవిట్‌లకు వచ్చింది. కొత్త ఆవిష్కరణ పాతదాన్ని తోసేసి దాని చోటు ఆక్రమించుకుంటూ పోవడం వల్లే ఆర్థికాభివృద్ధి నిలకడగా సాగుతుందని అగియోన్, హోవిట్ 1992లో గణితంతో చూపించారు. షుంపీటర్ 1942లో ‘సృజనాత్మక విధ్వంసం’ అని పేరుపెట్టిన ఆలోచన అది. ఇంకేం, చేనేత సంగతి తేలిపోయిందన్నారు చాలామంది. మగ్గం పాతది, మరమగ్గం కొత్తది. పాతదాన్ని రాయితీలతో నిలబెట్టడమంటే అభివృద్ధికి అడ్డుపడటమే. నేతగాళ్ల పిల్లలు ఎలాగూ మగ్గం దిగిపోతున్నారు, వాళ్లకు వేరే పని నేర్పి చేనేతను దాని దారిన దాన్ని పోనివ్వాలి. ఈ మాట కొత్తది కాదు. చేనేతను అస్తమిస్తున్న పరిశ్రమ అనడం దశాబ్దాలుగా ఉంది. ఇప్పుడు దానికి నోబెల్ ముద్ర పడిందని భావిస్తున్నారు, అంతే తేడా.

ఈ తీర్పు తప్పు. చేనేత మీద జాలితో అంటున్న మాట కాదిది. బహుమతి వచ్చిన ఆ సిద్ధాంతాలనే శ్రద్ధగా పోచంపల్లికి అన్వయిస్తే వచ్చే జవాబు దీనికి పూర్తిగా విరుద్ధం.

మొదట అగియోన్, హోవిట్‌ల సంగతే చూడాలి. వాళ్ల నమూనాలో అభివృద్ధికి ఇంధనం ఆవిష్కర్తకు కొంతకాలం దక్కే లాభం. కొత్తదాన్ని కనిపెట్టినవాడికి, అది పాతబడేదాకా, ఆ ప్రతిఫలం ఉండాలి. లేకపోతే కనిపెట్టే పని మీద ఎవరూ కాలం, డబ్బు పెట్టరు. మరి పోచంపల్లి విషయంలో ఆవిష్కర్త ఎవరు? కొత్త డిజైను ఆలోచించి, గ్రాఫు కాగితం మీద గీసి, ఏ పోగు ఏ చోట ఏ రంగు పట్టాలో లెక్కకట్టి, దాన్ని నూలు మీదికి ఎక్కించిన కుటుంబం. ఆ చీర దుకాణంలో వేలాడిన కొద్ది వారాలకే దాని ఫొటో మరో రాష్ట్రంలోని ప్రింటింగు యూనిట్‌కు చేరి, అదే బొమ్మ పాలియెస్టర్ మీద పడి, అదే ‘పోచంపల్లి’ పేరుతో అమ్ముడుపోతుంది. ఆ ప్రింటు వేసినవాడు కనిపెట్టింది ఒక్కటీ లేదు. ఆవిష్కర్తకు రావలసిన ప్రతిఫలాన్ని తీసుకున్నాడు. అగియోన్, హోవిట్‌ల లెక్కలో దీని పేరు అభివృద్ధి కానే కాదు. ఆవిష్కరణ ఆగిపోవడానికి అదే దారి. పైగా ఆ 1992 వ్యాసంలోనే ఇంకో మాట ఉంది. కొత్తగా వచ్చినవాడు పాతవాడికి కలిగే నష్టాన్ని తన లెక్కలోకి తీసుకోడు గనుక, మార్కెట్టు తనంతట తాను తెచ్చే విధ్వంసం సమాజానికి సరిపడినంత కంటే ఎక్కువ కావచ్చు, తక్కువా కావచ్చు. ఎంత విధ్వంసమైనా మంచిదేనని వాళ్లు ఎక్కడా చెప్పలేదు.

పోచంపల్లిని పాతదనడం కూడా చరిత్ర తెలియక అనే మాట. రంగులు కట్టి నేసే ఈ ఇక్కత్ విద్య ఆ ఊరికి దాదాపు 1915 ప్రాంతంలో చీరాల వైపు నుంచి వచ్చింది. అప్పట్లో నేసింది నూలు. సముద్రం దాటి ఎగుమతయ్యే తేలియా రుమాళ్లకు గిరాకీ పడిపోతే చీర వైపు తిరిగారు. 1970 ప్రాంతంలో పట్టు నేత నేర్చుకోవడానికి ఊరి యువకులు బెనారస్ వెళ్లొచ్చారు. తర్వాత దుప్పట్లు, డ్రెస్ మెటీరియల్, తెరలు వచ్చాయి. అంటే సరుకు మారింది, ముడిసరుకు మారింది, కొనేవాళ్లు మారారు. షుంపీటర్ ఆవిష్కరణ అన్నప్పుడు కొత్త యంత్రం ఒక్కటే కాదు, కొత్త సరుకు, కొత్త మార్కెట్టు, కొత్త ముడిసరుకు కూడా ఆ జాబితాలో పెట్టాడు. ఆ జాబితాలోని ఈ మూడు పనులూ నూరేళ్ల లోపు చేసి చూపించిన ఊరు ఇది.

ఇక మోకిర్. పారిశ్రామిక విప్లవం బ్రిటన్‌లోనే ఎందుకు పుట్టింది, పుట్టి ఎందుకు ఆగిపోలేదు అన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. ‘ఎందుకు పనిచేస్తుంది’ అన్న జ్ఞానం, ‘ఎలా చేయాలి’ అన్న జ్ఞానం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోవడమే కారణమని ఆయన వాదన. అందులో చేతి నైపుణ్యం ఉన్న పనివాళ్లకు, సొంతంగా పరికరాలు చేసుకుని సరిదిద్దుకునే మెకానిక్కులకు ఆయన ఇచ్చిన చోటు చాలా పెద్దది. ఆ వర్ణన చదివితే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఎవరికైనా గుర్తుకొచ్చే పేరు చింతకింది మల్లేశం.

ఆలేరు మండలం శారాజిపేటకు చెందిన మల్లేశం బడి చదువు ప్రాథమిక స్థాయి దాటగానే ఆగిపోయింది. పట్టు చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉన్న చట్రం ముందు కూర్చుని, పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు ఆ దూరం వెళ్లి రావాలి. పని పూర్తయ్యేసరికి నాలుగైదు గంటలు. ఇంట్లో ఇది ఎప్పుడూ ఆడవాళ్ల పనే. ఏళ్ల తరబడి చేసినవాళ్లకు భుజం పడిపోతుంది, మోచేయి లాగుతుంది, కళ్లు దెబ్బతింటాయి. తల్లి లక్ష్మి పడే బాధ చూసి మల్లేశం 1992లో యంత్రం ఆలోచన మొదలుపెట్టాడు. అప్పులు చేసి, పని వదలకుండా హైదరాబాదులో కూలికి ఉంటూ 1999లో దాన్ని పూర్తిచేశాడు. తల్లి పేరే పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రం మీద అదే పని దాదాపు గంటన్నరలో అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

ఈ కథను చేనేత ప్రియులు కన్నీళ్లతో చెప్పుకుంటారు, ఆర్థికవేత్తలు పట్టించుకోరు. కానీ మోకిర్ బహుమతికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ తెలుగు నేల మీద వెతికినా దొరకదు. ఆ యంత్రం ఒళ్లు విరిచే చాకిరీని తీసేసింది. డిజైను, రంగు, నేత మనిషి చేతిలోనే ఉన్నాయి. ఆసు వేగం పెరగడంతో అదే కుటుంబం ఎక్కువ చీరలకు నూలు సిద్ధం చేసుకోగలిగింది. మగ్గం చావలేదు, బలపడింది. సాంకేతికత అనగానే మగ్గం తీసేయడం ఒక్కటే గుర్తొచ్చేవాళ్లకు, ఆ పక్కనే మగ్గం చుట్టూ ఉన్న పనులను తేలిక చేసే సాంకేతికత ఒకటి ఉందని, దాన్ని పరిశోధన సంస్థల ఊసు లేకుండా ఒక నేతగాడి కొడుకు చేసి చూపించాడని ఎందుకు తట్టదు?

అయినా నేతగాడి చేతికి డబ్బు రావడం లేదు. ఇది నిజం, దీన్ని దాచి వాదించడం అన్యాయం. 2019-20లో జరిగిన నాలుగో జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో 31 లక్షలకు పైగా కుటుంబాలు ఈ రంగంలో ఉంటే, వాటిలో దాదాపు మూడింట రెండు వంతులకు నెలకు 5 వేల రూపాయలు కూడా రావడం లేదు. కబుర్లలో దీనికి చెప్పే కారణం ఒక్కటే: నెమ్మదిగా నేస్తారు, కాబట్టి తక్కువ సంపాదిస్తారు. నెమ్మదితనమే కారణమైతే చేత్తో చేసే ప్రతి పనికీ ఇదే గతి పట్టాలి. స్విట్జర్లాండులో చేత్తో బిగించే గడియారానికి పట్టలేదు. తేడా ఎక్కడుంది?

తేడా ఎక్కడుందో జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే చెప్పాడు. ఆయన అడిగింది చాయ్ దగ్గర అడిగే ప్రశ్నే. కొత్త కారు షోరూము దాటి బయటికి రాగానే దాని ధర అంతలా ఎందుకు పడిపోతుంది? మూడు పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పి పంపాయి. విషయం మరీ అల్పమైనదని వాటిలో కొన్ని అన్నాయి. చివరికి అచ్చయింది. 2001లో ఆయనకు బహుమతి తెచ్చిపెట్టింది. సారాంశం ఇది. అమ్మేవాడికి సరుకు నాణ్యత తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనప్పుడు కొనేవాడు మంచి సరుకు ధర ఇవ్వడు, మంచీ చెడూ కలిపి సగటు ధర ఇస్తాడు. ఆ సగటుకు మంచి సరుకు తెచ్చేవాడికి గిట్టదు, తప్పుకుంటాడు. వాడు తప్పుకున్నాక సగటు ఇంకా పడిపోతుంది. చివరికి మిగిలేది నాసిరకం.

ఇప్పుడు హైదరాబాదులో ఒక బట్టల షాపులో చీర కొంటున్న మనిషిని తలచుకోవాలి. ముందు రెండు చీరలు. రెండింటి మీదా అదే పువ్వు, అదే చుక్క. రెంటినీ షాపువాడు పోచంపల్లి అనే అంటాడు. ఒకటి పడుగు, పేక రెంటికీ రంగు కట్టి, ఆ పోగులను మగ్గం మీద కలిపి బొమ్మను పుట్టించింది. ఇంకొకటి నేసిన బట్ట మీద బొమ్మ అచ్చువేసింది. తెలిసినవాడు అంచు దగ్గర రంగు కాస్త పక్కకు ఒరిగిన తీరు చూస్తాడు, చీరను తిరగేసి వెనకవైపు కూడా బొమ్మ అంతే నిండుగా ఉందా అని చూస్తాడు. తెలియనివాడికి కనబడేది ధర ఒక్కటే. వాడు చవక చీర కొంటే వాడి ఎంపికలో తప్పు లేదు. కానీ ఆ ఎంపికను చూపించి ‘మార్కెట్టు చేనేతను వద్దంది’ అనడం పూర్తిగా తప్పు. మార్కెట్టును ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తేడా తెలిసి వద్దన్నప్పుడే అది తీర్పవుతుంది. ఇక్కడ జరుగుతున్నది అకెర్లాఫ్ చెప్పిన పతనం. మగ్గం దిగిపోతున్న పిల్లలు ఆ లెక్కలో గిట్టక తప్పుకుంటున్న మంచి సరుకువాళ్లు.

మగ్గం దిగనివాళ్ల మీద ఇంకో నింద ఉంది. చదువు లేదు, రిస్కు తీసుకోరు, తాతలనాటి పని పట్టుకుని వేలాడతారు అని. మాస్టర్ వీవర్ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆయనిచ్చిన నూలుతో, ఆయన చెప్పిన డిజైనుతో మజూరీకే నేస్తారు తప్ప సొంతంగా సరుకు పెట్టి అమ్ముకోరేమని అడుగుతారు. ఈ నిందకు జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు. 1975 నుంచి ఇక్రిశాట్ సంస్థ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాల్లో పరిశోధకులను ఊళ్లోనే కాపురం పెట్టించి, ఇంటింటి ఆదాయ వ్యయాలు ఏళ్ల తరబడి రాయించింది. అక్కడే హాన్స్ బిన్స్‌వాంగర్ నిజమైన డబ్బుతో ఆట ఆడించాడు. నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసా అన్నదాన్ని బట్టి రైతు చేతికి అక్కడికక్కడే రూపాయలు వస్తాయి. ఎంత రిస్కున్న ఎంపిక తీసుకుంటాడో చూడాలి. పెద్ద పందేల్లో వచ్చే మొత్తం కూలి మనిషి నెల సంపాదన కంటే ఎక్కువ. 1980లో అచ్చయిన ఫలితం అందరినీ ఆపి ఆలోచింపజేసింది. పందెం పెద్దదయ్యేసరికి బీదా గొప్పా అందరూ దాదాపు ఒకేలా, ఓ మోస్తరు జాగ్రత్తతో ప్రవర్తించారు. ఆస్తి తేడా వల్ల స్వభావంలో వచ్చిన తేడా చాలా తక్కువ. బీదవాడు కొత్త పద్ధతిలోకి దిగకపోతే కారణం అతని మనస్తత్వం కాదని, అప్పు పుట్టకపోవడం, అదనులో సరుకు అందకపోవడం వంటి అడ్డంకులని దాని అర్థం. మహబూబ్‌నగర్ మెట్ట రైతుకు వర్తించింది పోచంపల్లి పద్మశాలీకి వర్తించదా? పట్టు కర్ణాటక నుంచి నగదుకు కొనాలి. ఒక్క పడుగు మీద సాధారణంగా ఏడెనిమిది చీరలు దిగుతాయి. అవి నేసి, అమ్మి, డబ్బు చేతికొచ్చేదాకా ఇల్లు గడవాలి. ఆ మధ్యకాలపు అప్పు బ్యాంకు ఇవ్వదు, మాస్టర్ వీవర్ ఇస్తాడు. బదులుగా ధర నిర్ణయించే హక్కు తీసుకుంటాడు. దీన్ని పిరికితనం అన్నవాళ్లు ఒక్కసారి ఆ లెక్క తమ జీతంతో వేసుకుని చూడాలి.

ఇక బహుమతి ఎవరికన్న జోస్యాల సంగతికి వద్దాం. ఉటంకింపుల లెక్కతో బహుమతి ఎవరికో ముందే చెప్పే థామ్సన్ రాయిటర్స్ జాబితా 2014లో అగియోన్, హోవిట్‌ల పేర్లు చెప్పింది. పదకొండేళ్లకు నిజమైంది. అదే జాబితాలో విలియం బోమోల్ పేరూ ఉంది. ఆయన 2017లో, 95 ఏళ్ల వయసులో, బహుమతి అందుకోకుండానే కన్నుమూశాడు. చేనేతకు కాలం చెల్లిందనేవాళ్లు తెలిసో తెలియకో వాడేది ఈయన వాదాన్నే. నలుగురు కలిసి వాయించే సంగీతానికి రెండు వందల ఏళ్ల కిందట ఎంత సమయం పట్టిందో ఇప్పుడూ అంతే పడుతుంది. మిగతా రంగాల్లో ఉత్పాదకత పెరిగి జీతాలు పెరుగుతుంటే ఇలాంటి పనుల ఖర్చు పెరుగుతూ పోక తప్పదని బోమోల్ 1966లో రాశాడు. అంతవరకే చదివి ఆగిపోతారు. బోమోల్ తర్వాత పదేపదే చెప్పిన మాట వేరు. మిగతా రంగాల్లో ఉత్పాదకత పెరిగిందంటే సమాజం మొత్తం మీద సంపన్నమైందనే కదా! ఆ పనుల పెరిగిన ఖర్చు భరించే శక్తి సమాజానికి ముందుకన్నా ఎక్కువే ఉంటుంది. భరించలేమన్నది భ్రమ. ఐటీ జీతాలతో ఇంత ఎదిగిన హైదరాబాదు పక్క ఊరి చీరకు సరైన మజూరీ ఇవ్వలేనంత పేదది కాదు.

మొదట్లో రాయితీ మాట వచ్చింది గనుక ఒక్క విషయం. 1999లో మొదలైన సాంకేతిక ఆధునికీకరణ నిధి పథకం కింద మిల్లులకు, మరమగ్గాలకు వడ్డీ రాయితీలు ఏళ్ల పాటు అందాయి. పోటీలో ఒకవైపు పోసిన డబ్బు కబుర్లలో పెట్టుబడి అవుతుంది, రెండోవైపు పోసింది దండగ అవుతుంది.

ఇంగ్లండు చేనేతగాళ్ల కథ ఇలాంటి తీర్పులకు పాత సాక్ష్యం. పత్తి వడికే యంత్రాలు వచ్చిన తొలిరోజుల్లో అక్కడి నేతగాళ్లకు పని పెరిగింది, కూలి పెరిగింది. ఆ తర్వాత మరమగ్గం వచ్చాక రెండు తరాల పాటు వాళ్ల బతుకు చితికిపోయింది. యంత్రం అందరికీ మేలే చేస్తుందని మొదట నమ్మిన డేవిడ్ రికార్డో, 1821లో తన ప్రధాన గ్రంథం మూడో ముద్రణలో యంత్రాల మీద కొత్త అధ్యాయం చేర్చి, యంత్రం కూలివాళ్లకు నష్టం చేయగలదని, తన పాత అభిప్రాయం తప్పని రాశాడు. 2024 బహుమతి గ్రహీతల్లో ఇద్దరు, డారన్ అసెమొగ్లు, సైమన్ జాన్సన్, ఆ ఏడాదే రికార్డో మార్పు మీద, ఆ నేతగాళ్ల మీద ఒక వ్యాసం ప్రచురించారు. యంత్రం వల్ల వచ్చే లాభం దానంతటదే పనివాళ్లకు చేరదని, ఎవరి బేరసారాల శక్తి ఎంత అన్నదాన్ని బట్టి చేరుతుందని వాళ్లు అన్నారు. ఒక ఏడాది బహుమతిని ఎత్తిచూపుతూ అంతకు ముందు ఏడాది బహుమతిని మరిచిపోయే కబుర్లు ఇవి.

చాయ్ దగ్గర ప్రశ్నలు వేసుకోవడం మానాలని ఎవరూ అనడం లేదు. అల్పమైనదన్న ప్రశ్న నుంచే అకెర్లాఫ్ పుట్టాడు. పోచంపల్లి నుంచి వేయాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని ఎవరూ తీసుకోవడం లేదు. భౌగోళిక గుర్తింపు రిజిస్టరులో పోచంపల్లి ఇక్కత్‌ది నాలుగో నంబరు, డార్జిలింగ్ టీ నమోదైన కాలంలోనే అదీ నమోదైంది. ఆ పేరును తప్పుగా వాడి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని 1999 చట్టంలో ఉంది. కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయించేందుకు 1985లో చేసిన చట్టం ఉంది, సుప్రీంకోర్టు 1993లో దాన్ని సమర్థించింది. 2006 నుంచి చేనేత ముద్ర ఉంది. ఇన్ని ఉన్నా ప్రింటు చీర ‘పోచంపల్లి’ పేరుతోనే నిర్భయంగా అమ్ముడుపోతున్నదంటే, తనిఖీ ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందన్నదే ఆ ప్రశ్న. షాపు మీద ఫిర్యాదు చేయాలంటే నేతగాడు మజూరీ పోగొట్టుకుని నగరానికి రావాలి. డీఎస్పీకి తక్కువ కాని అధికారి కదలాలి. ఆయనైనా సోదాకు వెళ్లే ముందు భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకుని తీరాలని చట్టం నిర్బంధించింది. ఆ రిజిస్ట్రీ ఉన్నది చెన్నైలో.